‘పూరక గ్రాహకం’: విగ్రహవాక్యం ఏమిటి?

విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదువుతున్న మా మేనకోడలు తన ఇమ్యునాలజీ నోట్సును తెలుగులో రాసుకుంటూ, ‘మానవ కణత్వచంపై పూరక గ్రాహకాలను ప్రతిరక్షకాలతో గుర్తించడం’ అన్న శీర్షికను నాకు చూపింది. కణత్వచం అంటే కణం పైపొర, గ్రాహకం అంటే ఒక పదార్థాన్ని పట్టుకునే ప్రోటీన్ (రిసెప్టర్), ప్రతిరక్షకం అంటే యాంటీబాడీ. చాలాకాలం లెక్కలు చెప్పినవాణ్ణి కావడంతో పూరక కోణం, పూరక సమితి నా నాలుక మీద ఆడే మాటలు. పూరక కోణం అంటే పూరకమైన కోణం, అంటే కర్మధారయం. ఆ వరుసలోనే ఇది మరో గ్రాహకానికి తోడుగా నిలిచే గ్రాహకం కాబోలనుకున్నాను. ‘కాదు మావయ్యా, పూరకాన్ని గ్రహించేది’ అని అమ్మాయి నవ్వింది. అలాగైతే ఇది తత్పురుష. చూపుకు ఒకటిగా ఉండే ఈ రెండు సమాసాలను పాఠకుడు ఏ ఆధారంతో విడదీసుకోవాలి?

రక్తంలోని ‘కాంప్లిమెంట్’ అనే ప్రోటీన్ల సముదాయానికి పూరకం అన్న అనువాదంతో నాకు పేచీ లేదు. రక్తరసాన్ని (సీరంను) 56 డిగ్రీల సెల్సియస్ వద్ద అరగంట వేడిచేస్తే, ప్రతిరక్షకాలు నిలిచినా సూక్ష్మజీవులను చంపే శక్తి పోతుంది. ఆ వేడికి ఆగని భాగం ప్రతిరక్షకం పనిని పూరిస్తుంది కనుకనే జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ దానికి కాంప్లిమెంట్ అని పేరు పెట్టాడు.

—

మాష్టారూ, మహారాణిపేటలోని ఒక ల్యాబ్‌లో పనిచేసే నాకు సమాసం కంటే ‘గుర్తించడం’ అన్న క్రియే ఎక్కువ ఇబ్బందిగా తోస్తోంది. పూర్వం గొర్రె ఎర్రరక్తకణాలకు ప్రతిరక్షకాన్నీ పూరకాన్నీ తొడిగి మనిషి తెల్లకణాలతో కలిపేవారు; గ్రాహకం ఉన్న కణం చుట్టూ అవి బంతిపువ్వు రేకుల్లా అంటుకునేవి. అక్కడ గ్రాహకం తన పేరుకు తగ్గట్టు తానే పట్టుకునేది. 1975లో శాస్త్రవేత్తలు కోలర్, మిల్‌స్టైన్ మోనోక్లోనల్ ప్రతిరక్షకాలకు (అన్నీ ఒకే లక్ష్యాన్ని పట్టే ఒకే రకం ప్రతిరక్షకాలకు) దారి వేశాక కథ తిరగబడింది: మెరిసే రంగు తగిలించిన ప్రతిరక్షకం ఎర్రకణం మీది సీఆర్1నో, బి కణం (ఒక రకం తెల్లకణం) మీది సీఆర్2నో పట్టుకుంటుంది (ఈ రెండూ పూరక గ్రాహకాల పేర్లే), గ్రాహకం పట్టుబడుతుంది.

అయితే ప్రతిరక్షకానికి తోక కూడా ఉంది, ఆ తోకను పట్టుకునే వేరే గ్రాహకాలు మోనోసైట్ల వంటి తెల్లకణాల మీద దండిగా ఉన్నాయి. వాటిని ముందే మూసివేయకపోతే, మనం వెతికే గ్రాహకం లేకున్నా కణం మెరుస్తుంది. అందుకే అదే తరగతికి చెందిన, ఆ కణాల మీద దేనినీ గుర్తించని ప్రతిరక్షకంతో మరో గొట్టాన్ని పోలిక కోసం పక్కనే నడుపుతాం. వెచ్చదనానికి కణం తన గ్రాహకాలను లోపలికి లాగేసుకోకుండా గొట్టాలను మంచులోనే ఉంచుతాం. ప్రతిరక్షకం కొసలతో ‘గుర్తిస్తుంది’, తోకతో ఊరికే ‘అంటుకుంటుంది’. మెరుపును చూసి గ్రాహకం ఉందో లేదో తేల్చే మనం చేసేది ‘కనిపెట్టడం’. మూడు పనులకూ ఒకే క్రియ వాడితే పరీక్షలోని చిక్కంతా మరుగున పడిపోతుంది.

—

మీ సవరణను ఒప్పుకుంటున్నాను. ‘పూరకాన్ని పట్టే గ్రాహకాలు’ అని రాద్దామంటే, పట్టేదే గ్రాహకం కనుక పునరుక్తి అవుతుంది; శైలి దృష్ట్యా అది దోషమే అయినా, సందిగ్ధత కంటే పునరుక్తి నయమని నా అభిప్రాయం. అమ్మాయి నోట్సులో ఇప్పుడు శీర్షిక ఇలా ఉంది: ‘మానవ కణత్వచం మీద పూరకాన్ని పట్టే గ్రాహకాల ఉనికిని ప్రతిరక్షకాలతో కనిపెట్టడం’.