పదే పదే బిగుసుకుపోతున్న ఫోన్: డేటా పోకుండా ఏం చేయాలి?

నా ఆండ్రాయిడ్ ఫోన్ నిన్నటి నుంచి మూడుసార్లు బిగుసుకుపోయింది. తెర మీద గడియారం 9:42 దగ్గరే ఆగిపోయి, ఎక్కడ తాకినా చలనం లేకపోవడంతో, పాత ఫోన్లలోలాగా బ్యాటరీ ఊడదీసే వీలు కూడా లేక, పవర్ బటన్‌నూ వాల్యూమ్ తగ్గించే బటన్‌నూ కలిపి 20 సెకన్ల దాకా నొక్కి పట్టుకున్నాను. తెర నల్లబడి, లోగో వచ్చి, ఫోన్ మామూలుగానే తెరుచుకుంది. అయితే అరగంటకే మళ్లీ అదే పరిస్థితి. మరోసారి పొరపాటున వాల్యూమ్ పెంచే బటన్ నొక్కడంతో రికవరీ మెనూ (ఫోన్ మామూలుగా తెరుచుకోకుండా, మరమ్మతు కోసం వచ్చే మెనూ) కనిపించింది. అందులో ‘వైప్ డేటా’ (ఫోన్‌లోని డేటా అంతా చెరిపేయడం) అన్న వరుస చూసి నిజంగా భయపడ్డాను, ఎందుకంటే మా అమ్మగారి ఫొటోలు కొన్ని ఈ ఫోన్‌లో తప్ప మరెక్కడా లేవు. ఆ వరుస జోలికి పోకుండా ‘రీబూట్ సిస్టమ్ నౌ’ ఎంచుకుని బయటపడ్డాను.

ఇలా మాటిమాటికీ బలవంతంగా రీస్టార్ట్ చేస్తే లోపలి ఫైళ్లు దెబ్బతినే ప్రమాదం ఉందా? సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లు పనిచేయకుండా ఫోన్ నడిచే పద్ధతిలో) నడిపి చూస్తే, లోపం ఏదైనా యాప్‌దో, ఫోన్‌దో తేల్చుకోవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.