అప్‌డేట్: నాలుగో తరగతి పిల్లల చేత రాయించడం

మా పిల్లలు పాఠం గడగడా చదివేస్తారు గానీ, సొంతంగా రెండు వాక్యాలు రాయమంటే పెన్సిల్ కొరుక్కుంటూ కూర్చుంటారు, ఏం చేయాలని జూన్‌లో ఇక్కడ అడిగాను. ముందు మాట్లాడించి, తర్వాత రాయించమని మీలో కొందరు అన్నారు. అదే చేశాను.

మాది ఆత్రేయపురం దగ్గర ఊరు. పూతరేకు ఎలా చేస్తారో చెప్పమన్నాను. ఒకటే గోల! బోర్లించిన కుండ, కింద మంట, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ... అన్నీ బోర్డు మీద రాశాను, కలిసి చదివాం. వాక్యాలు తారుమారు చేసి ఇస్తే వరస సరిచేశారు. అప్పుడు నోటు పుస్తకాలు తీయించాను. ఒక పాప ‘గుడ్డ గబుక్కున లాగాలి, లేకపోతే రేకు చిరిగిపోద్ది’ అని రాసింది. ‘పోద్ది’ని దిద్దలేదు. దిద్దితే మళ్లీ పెన్సిల్ కొరుకుతుందని నా టెన్షన్.

ఒత్తులు మాత్రం ఇంకా తప్పులే. రోజూ పది నిమిషాలు వాటికే పోతోంది.