పిల్లల పళ్లు పుచ్చకుండా ఆపాలంటే ఏటా ఒక దంత శిబిరం చాలునా, రోజూ బడిలోనే పళ్లు తోమించాలా?

వేకువ

పేద కుటుంబాల పిల్లల కోసం దంత శిబిరాలు నడిపే ఒక స్వచ్ఛంద బృందంలో నేను పనిచేస్తున్నాను. మా పద్ధతి చాలామందికి తెలిసినదే. దంతవైద్యులు ఏడాదికి ఒకసారి బడికి వచ్చి పిల్లలందరి నోళ్లూ చూస్తారు, పళ్లు తోముకునే తీరును నమూనా దవడ మీద చూపిస్తారు, తలా ఒక బ్రష్షూ ఒక పేస్టూ పంచుతారు, పళ్లు పుచ్చిన పిల్లల చేతికి ఇంట్లో ఇమ్మని ఒక చీటీ రాసిచ్చి వెళ్తారు. ఈ శిబిరాలను ఆపివేసి, వాటికి వెచ్చిస్తున్న డబ్బునూ శ్రమనూ శిశు పాఠశాలల్లో, ప్రాథమిక తరగతుల్లో రోజూ పెద్దల పర్యవేక్షణలో ఫ్లోరైడ్ పేస్టుతో పళ్లు తోమించే పనికి మళ్లించాలని నేను ప్రతిపాదించాను. బృందంలో సగం మంది గట్టిగా వ్యతిరేకిస్తున్నారు కనుక విషయాన్ని ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

నా వాదనకు ఆధారం పన్ను పుచ్చే తీరులోనే ఉంది. తీపి తిన్న ప్రతిసారీ పంటిపాచిలోని స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ వంటి సూక్ష్మజీవులు ఆ చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. పంటి మీద పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, ఇది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సుమారు 5.5 కంటే దిగువకు పడిపోతే పంటి గట్టి పైపొర అయిన ఎనామెల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరిగిపోవడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచేశాక కరిగిన ఖనిజాల్లో కొంత భాగం తిరిగి పంటికి చేరుతుంది. నోట్లో కొద్దిపాటి ఫ్లోరైడ్ ఎప్పుడూ ఉంటే ఈ తిరిగి చేరడం బలపడుతుంది. రోజుకు పలుమార్లు జరిగే ఈ పోరులో ఏడాదికి ఒక గంటసేపు చెప్పిన పాఠం ఏ పక్షానికీ బలం చేకూర్చదు. ఎలిజబెత్ కే, డేవిడ్ లాకర్ 1998లో ప్రచురించిన సమీక్ష కూడా ఇదే చెప్పింది: బోధన వల్ల పిల్లల అవగాహన పెరుగుతుంది గానీ, ఫ్లోరైడ్ వాడకం తోడు కాకుండా బోధన ఒక్కటే పళ్లు పుచ్చడాన్ని తగ్గించినట్టు ఆధారం కనబడలేదు.

దీనికి భిన్నంగా, స్కాట్లండ్‌లో 2006లో మొదలైన చైల్డ్‌స్మైల్ కార్యక్రమం శిశు పాఠశాలల్లో రోజువారీ పళ్లు తోమడాన్ని కేంద్రంగా పెట్టుకుంది. అక్కడ ఒకటో తరగతిలో చేరే పిల్లల్లో పైకి కనిపించే పుచ్చు లేనివారు 2003లో 45 శాతం ఉండగా 2018 నాటికి 71 శాతానికి పెరిగారు. కార్యక్రమం వల్ల తప్పిన వైద్యఖర్చు, ఎనిమిదో ఏడాదికల్లా దాన్ని నడపడానికయ్యే ఖర్చుకు రెండున్నర రెట్లు దాటిందని 2015లో ఒక ఆర్థిక విశ్లేషణ లెక్కగట్టింది. ఇంత స్పష్టమైన దారి కళ్ల ముందుండగా శిబిరాల కోసం ఇంకా ఎందుకు ఖర్చు చేయాలి?

దంతసేవ

వేకువ గారు, నేను పిల్లల దంతవైద్యురాలిని. రోజూ తోమించడం గురించి మీరు చెప్పినదాంట్లో నాకు పేచీ లేదు. శిబిరాలను ఆపేద్దామన్న మాటే నన్ను కలవరపెడుతోంది. బ్రష్ పట్టే వయసు రాకముందే పళ్లు పుచ్చిపోయిన పిల్లల సంగతేమిటి? మూడేళ్ల బిడ్డ పై పెదవిని వేలితో ఎత్తి చూడండి. ముందు పళ్ల మీద చిగురు అంచు వెంబడి సున్నపు గీత లాంటి తెల్లని మచ్చ కనిపిస్తే, అక్కడ ఎనామెల్ కరగడం మొదలైందనీ, పంటికి ఇంకా గుంట పడలేదనీ అర్థం. ఆ దశలో ఫ్లోరైడ్ వార్నిష్ (పంటికి అంటుకుని ఉండే గాఢమైన ఫ్లోరైడ్ పూత) పూసి, తిండి విషయంలో జాగ్రత్త పడితే పన్ను కోలుకుంటుంది. కొన్ని నెలలు గడిస్తే అదే మచ్చ గోధుమరంగు గుంటగా మారుతుంది, ఆపైన రాత్రిళ్లు నిద్రలేని నొప్పి, చీము. పెదవి ఎత్తి చూసే మనిషి వెళ్లకపోతే ఆ మచ్చ ఎవరి కంటా పడదు.

పాలపళ్లే కదా, ఊడిపోయేవే కదా అని తేలిగ్గా తీసుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. 2007లో అమెరికాలోని మేరీలాండ్‌లో పన్నెండేళ్ల బాలుడు పుచ్చిన పంటి నుంచి ఇన్ఫెక్షన్ మెదడుకు పాకి చనిపోయాడు. సకాలంలో ఆ పన్ను పీకి ఉంటే అతను బతికేవాడు. ప్రపంచవ్యాప్తంగా 51.4 కోట్ల మంది పిల్లలకు పాలపళ్లు పుచ్చి ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక చెబుతోంది. ఇందరికి ఇప్పటికే నొప్పి ఉంది. ముందుముందు పుచ్చబోయే పళ్ల కోసం ఇప్పుడు నొప్పితో ఉన్న పిల్లలను పక్కనపెట్టమనడం నాకు న్యాయంగా తోచడం లేదు.

కొలమానం

ప్రజారోగ్య గణాంకాలు నా వృత్తి. ఇరువైపుల వాదనల్లోనూ ఆధారాలకు మించి చెప్పిన మాటలు ఉన్నాయి.

ముందుగా వేకువ గారి లెక్క. స్కాట్లండ్ అంకెలు నిజమే. అయితే 2003లో 45 శాతంగా ఉన్నది చైల్డ్‌స్మైల్ మొదలైన 2006 నాటికే 54 శాతానికి చేరింది. అంటే మెరుగుదల అంతకుముందే మొదలైంది. కొన్ని ప్రాంతాల్లో శిశు పాఠశాలల్లో తోమించడం అప్పటికే సాగుతున్న మాట వాస్తవం కనుక ఈ పెరుగుదల మీ వాదనకు పూర్తిగా వ్యతిరేకం కాదు. కానీ దేశమంతటి అంకె పెరిగినంత మాత్రాన ఆ ఘనత అంతా ఒకే కార్యక్రమానికి కట్టబెట్టకూడదు.

ఇక దంతసేవ గారి మాట. బడిలో పరీక్షించి చీటీ ఇచ్చి పంపడం వల్ల పిల్లలు నిజంగా వైద్యం దాకా వెళ్తారా అన్నదే అసలు ప్రశ్న. ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతంలోని బడులను యాదృచ్ఛికంగా విడదీసి చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. బడిలో పరీక్షించినంత మాత్రాన దంతవైద్యుల దగ్గరకు వెళ్లే పిల్లల సంఖ్య చెప్పుకోదగినంత పెరగలేదని అందులో తేలింది. తెల్లమచ్చను గుర్తించడం గొప్ప విషయమే. గుర్తించిన వెంటనే అక్కడికక్కడే ఏదైనా చేయకపోతే దాని వల్ల బిడ్డకు మేలు లేదు.

వార్నిష్ గురించి కూడా ఒక మాట. వైద్య పరీక్షల ఫలితాలను కలిపి విశ్లేషించే కాక్రేన్ సంస్థ 2013 నాటి సమీక్ష ప్రకారం అది పాలపళ్లలో పుచ్చును సగటున 37 శాతం తగ్గిస్తుంది. అయితే చైల్డ్‌స్మైల్ సేవలన్నీ అందుతున్న మూడేళ్ల పిల్లలకు శిశు పాఠశాలలో అదనంగా వార్నిష్ పూసి రెండేళ్లు గమనించిన పరీక్షలో, గణాంకపరంగా నమ్మదగిన అదనపు లాభం కనిపించలేదు. రోజూ ఫ్లోరైడ్ పేస్టు అందుతున్న చోట వార్నిష్‌కు పెద్దగా పని మిగలదనీ, ఏమీ అందని చోట దాని విలువ ఎక్కువనీ నేను దీని నుంచి గ్రహించాను. మీ బడులు ఈ రెండింటిలో ఏ కోవలోకి వస్తాయో తెలుసుకోకుండా ఏది కొనాలో తేల్చలేరు.

బడిగంట

ఇంతసేపూ తోమించే పని ఎవరు చేస్తారన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. చేయవలసింది మాలాంటి ఉపాధ్యాయులూ సహాయకులూ. నేను చిన్న తరగతులకు చెబుతాను, మా తరగతిలో ఈ పని జరుగుతోంది కనుక అది ఎలా ఉంటుందో వివరిస్తాను.

పేస్టు గొట్టాన్ని పిల్లల బ్రష్షులకు తగిలించకూడదు, ఒకరి నోటి క్రిములు మరొకరికి చేరతాయి. అందుకని శుభ్రమైన పళ్లెం అంచున దూరదూరంగా చుక్కలు పెట్టుకుంటాం: మూడేళ్లలోపు వారికి బియ్యపు గింజంత, ఆ పైవారికి బఠానీ గింజంత. ఒక్కో బిడ్డా తన బ్రష్‌తో తన చుక్కను తీసుకుంటాడు. రెండు నిమిషాలు తోమాక ఉమ్మేయమంటాం గానీ నీళ్లతో పుక్కిలించనివ్వం, పుక్కిలిస్తే పంటి మీద మిగలాల్సిన ఫ్లోరైడ్ కాస్తా కొట్టుకుపోతుంది. పెద్దలకు ఈ సంగతి నచ్చజెప్పడమే పిల్లలకు నేర్పడం కన్నా కష్టమైంది. కుళాయి లేకపోయినా కాగితంలో ఉమ్మించి చెత్తబుట్టలో వేయించవచ్చు. ఆఖరున బ్రష్షులను ఒక్కొక్కటిగా కడిగి, కుచ్చులు ఒకదానికొకటి తగలకుండా రంధ్రాలున్న నిలువు పెట్టెలో ఆరబెట్టాలి. ఏ బ్రష్ ఎవరిదో తెలియడానికి పేరుకు బదులు బొమ్మ గుర్తు ఉండాలి, ఎందుకంటే ఆ వయసువారికి ఇంకా చదవడం రాదు.

ఇదంతా పది పదిహేను నిమిషాల పని. అలవాటయ్యాక బరువనిపించదు. కానీ మొదటి నెలలో ఒక సహాయకురాలు మానేసినా, పేస్టు సరఫరా ఒక వారం ఆగినా కార్యక్రమం చతికిలబడుతుంది. దంతవైద్యుడు ఒక రోజు వచ్చి వెళ్తే ఫొటోలు మిగులుతాయి, దాతలకు చూపడానికి వీలుంటుంది. రోజూ తోమించే పనిలో చూపించడానికి ఏమీ ఉండదు. దాతలు దీనికి ఎన్నాళ్లు డబ్బు ఇస్తారో వేకువ గారు ముందే తేల్చుకోవాలి. మధ్యలో వదిలేయడం కన్నా మొదలుపెట్టకపోవడమే ఉపాధ్యాయులకు మీరు చేసే మేలు.

ఏటిగట్టు

మీరందరూ పిల్లవాడి నోటి దగ్గరే ఆగిపోతున్నారు. చవకగా, చేతికందేంత దగ్గరగా, రోజంతా దొరికేది తీపి పానీయమే అయినప్పుడు తల్లిదండ్రులకు ఎన్ని పాఠాలు చెప్పినా అవి నిందలాగే వినిపిస్తాయి. బ్రిటన్ 2018 ఏప్రిల్‌లో చక్కెర పానీయాల తయారీదారుల మీద సుంకం వేసింది. 100 మిల్లీలీటర్లలో 5 గ్రాములు, ఆపైన చక్కెర ఉంటే సుంకం పడుతుంది కనుక చాలా కంపెనీలు చక్కెరనే తగ్గించేశాయి. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో పుచ్చిన పళ్లు పీకించుకోవడానికి ఆసుపత్రిలో చేరే పిల్లలు 12 శాతం తగ్గినట్టు 2023 నాటి విశ్లేషణ చెప్పింది. చిన్న వయసువారిలో తగ్గుదల ఇంకా ఎక్కువ. ఏ స్వచ్ఛంద బృందమూ ఇంతమందికి చేరలేదు. మీ శక్తిలో కొంత భాగమైనా బడి ఆవరణలో తీపి పానీయాలు అమ్మకుండా చేయడానికి వెచ్చించండి.

వేకువ

ఏటిగట్టు గారి సూచనను పూర్తిగా అంగీకరిస్తున్నాను. అయితే సుంకం మా చేతిలో లేదు, బడి ఆవరణ మాత్రం మా చేతిలో ఉంది. తోమించే కార్యక్రమంలో చేరే బడులకు అదే మొదటి షరతుగా పెడతాం.

దంతసేవ గారు, చీటీ రాసిచ్చి పంపే శిబిరం మీద నా అభిప్రాయం మారలేదు. ఒక తల్లి చేతిలో చీటీ పెట్టినప్పుడు, ఒక రోజు కూలీనీ ప్రయాణ ఖర్చునూ ఆమె మీద మోపుతున్నాం. ఆ భారం ఆమె మోయలేదని తెలిసీ చీటీ ఇచ్చి, మన బాధ్యత తీరిందనుకోవడం నాకు అంగీకారం కాదు. అక్కడికక్కడే వైద్యం చేసే శిబిరమైతే దాని సంగతి వేరు. అలాంటిది ఎలా నడుస్తుందో మీరే చెప్పండి.

దంతసేవ

చెబుతాను. డ్రిల్లూ, కరెంటూ, మత్తు సూదీ లేకుండానే బడిలో చేయగల పనులు ఇప్పుడు చాలా ఉన్నాయి. పుచ్చిన మెత్తని భాగాన్ని చేతి పరికరంతో తీసి, పంటి సిమెంటు అయిన గ్లాస్ అయనోమర్‌తో పూడ్చే పద్ధతి 1980ల మధ్యలో టాంజానియాలో మొదలైంది. 38 శాతం సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్‌ను సన్నని కుంచెతో గుంటలో అద్దితే చాలాచోట్ల పుచ్చు అక్కడితో ఆగిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఫ్లోరైడ్ పేస్టునూ, గ్లాస్ అయనోమర్‌నూ, ఈ మందునూ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. న్యూయార్క్ నగరంలోని బడుల్లో జరిగిన పెద్ద పరీక్షలో ఈ మందు, సీలెంట్లూ (దవడ పళ్ల గాడులను మూసే పూతలు) డ్రిల్లు లేని పూరకాలూ కలిసి ఇచ్చినంత రక్షణా ఇచ్చింది. నర్సులు పూసినా ఫలితం తగ్గలేదు. న్యూజీలండ్ 1921లోనే బడి పిల్లల కోసం దంత నర్సులకు శిక్షణ మొదలుపెట్టింది కనుక, దంతవైద్యులు కానివారు ఈ పని చేయడం కొత్త సాహసమేమీ కాదు.

బడిగంట

ఆ మందు పుచ్చిన చోటును నల్లగా చేస్తుంది కదా? ముందు పన్ను నల్లబడిన పిల్లవాడు తరగతిలో నోరు మూసుకుని నవ్వడం మీరు చూడకపోవచ్చు, మేం చూస్తాం. స్తోమత ఉన్నవారి పిల్లలకు పంటి రంగు పూరకం, లేనివారి పిల్లలకు నల్ల పన్ను అనే విభజనకు సేవ అని పేరు పెట్టడం నాకు సమ్మతం కాదు.

దంతసేవ

మీ అభ్యంతరం న్యాయమైనదే. అందుకే నల్లబడిన పంటి ఫొటో తల్లిదండ్రులకు ముందే చూపి, రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే పూయాలి. లోపలి దవడ పళ్లకు చాలామంది సంకోచించకుండా ఒప్పుకుంటారు. ముందు పళ్ల దగ్గరే వెనకాడతారు. వారు వద్దంటే గ్లాస్ అయనోమర్‌తో పూడ్చే వెసులుబాటు అదే రోజు, అదే బల్ల మీద ఉండాలి. కానీ పుచ్చు లోతుకు దిగి బిడ్డ నిద్రపోలేని స్థితిలో, నలుపు కంటే నొప్పి పెద్దదని నేను నమ్ముతాను. మందును పూర్తిగా పక్కన పెట్టడానికి మాత్రం నేను ఒప్పుకోను.

బడిగంట

ఒప్పుకునే హక్కు నిజంగా ఒప్పుకునే హక్కుగా ఉండాలంటే రెండో దారి కూడా అంతే సులువుగా అందాలి. పూరకం కోసం మళ్లీ ఎప్పుడో రమ్మంటే ఆ తల్లి నల్ల పన్నుకే సంతకం చేస్తుంది. ఈ విషయంలో నేను మీతో ఏకీభవించలేను.

వేకువ

అయితే మా బృందం ముందు ఈ ప్రతిపాదన పెడతాను. చిన్న తరగతుల్లో రోజూ తోమించడం, పేస్టు సరఫరాకు కనీసం మూడేళ్ల హామీ, దంతవైద్యుల రాక పరీక్షల కోసం కాక అక్కడికక్కడే వైద్యం చేయడం కోసం, ముందు పళ్ల విషయంలో పూరకమూ మందూ రెండూ సిద్ధంగా లేని రోజున ఆ పళ్ల జోలికి పోకపోవడం. చీము పట్టిన పిల్లలను మాత్రం చీటీతో వదలకుండా మా మనిషే వెంట తీసుకెళ్లాలి.

కొలమానం

ఒక్కటి జోడించండి. అన్ని బడుల్లోనూ ఒకేసారి మొదలుపెట్టేంత డబ్బు మీ దగ్గర ఎలాగూ ఉండదు కనుక, మొదటి ఏడాది ఏ బడులు చేరాలో చీట్లు వేసి నిర్ణయించండి. మిగిలినవి మరుసటి ఏడాది చేరతాయి. తోమించడం మొదలవకముందే రెండు వర్గాల బడుల్లోనూ పిల్లల పళ్ల స్థితిని ఒకే పద్ధతిలో నమోదు చేయండి, చూసేవారికి ఏ బడి ఏ వర్గంలో ఉందో తెలియనివ్వకండి. సెలవుల తర్వాత మొదటి వారంలోనే మళ్లీ కొలవండి, ఎందుకంటే బడి మూసి ఉన్న వారాల్లో ఇంటి దగ్గర తోముకున్నారో లేదో అప్పుడే తెలుస్తుంది.