ఎస్‌ఎన్‌సీయూలో తల్లిని రాత్రింబవళ్ళు బిడ్డ దగ్గరే ఉంచాలా?

గుణుపురం సిస్టర్:
మా యూనిట్‌లో ఈ వారమంతా ఇదే గొడవ. ఒడిశా సరిహద్దులో ఒక ప్రభుత్వాసుపత్రిలో, బరువు తక్కువ, జబ్బు పసికందుల్ని చూసే ఎస్‌ఎన్‌సీయూలో 11 ఏళ్ళుగా చేస్తున్నాను. ఇప్పుడు మా దగ్గర తల్లి రెండు గంటలకోసారి వచ్చి, పాలు పిండి ఇచ్చి వెళ్ళిపోతుంది. బిడ్డ కుదుటపడ్డాకే, అదీ పగటిపూటే, గంటో గంటన్నరో గుండెల మీద పెట్టుకోనిస్తాం. వార్మర్ల (పిల్లల్ని వెచ్చగా ఉంచే బల్లల) పక్కనే తల్లులకి మంచాలు వేసి, సీపాప్ మీద, అంటే ముక్కు గొట్టంతో ఊపిరికి సాయం పెట్టి ఉన్న బిడ్డనైనా సరే మొదటి రోజు నుంచే తల్లి ఒంటికి ఆనించి ఉంచుదామని మా డాక్టరుగారు అంటున్నారు. సగం మంది సిస్టర్లు ససేమిరా అంటున్నారు. నేను మాత్రం డాక్టరుగారి పక్షమే.

పోయిన నెల నైట్ డ్యూటీ. ఇద్దరం సిస్టర్లం, 18 మంది పిల్లలు. 1200 గ్రాముల ఆడపిల్ల ఒకతి వార్మర్ మీద ఉండుండి ఊపిరి ఆపేస్తోంది. మోనిటర్ మోగడం, నేను పరుగెత్తి అరికాలు తట్టడం, ఇంకో బిడ్డ దగ్గరికి వెళ్ళేసరికి మళ్ళీ మోగడం. రెండున్నరకి డ్యూటీ డాక్టర్ని అడిగి తల్లిని లేపుకొచ్చాను. కుర్చీలో వెనక్కి వాల్చి కూర్చోబెట్టి, టోపీ, మేజోళ్ళు, డైపరు తప్ప ఒంటి మీద ఏమీ లేకుండా పిల్లని రొమ్ముల మధ్య నిలువుగా పెట్టి, తల ఓ పక్కకి తిప్పి గుడ్డతో కట్టాను. ఆవిడ సవర మనిషి. ఆవిడ భాష నాకు రాదు, నా తెలుగూ ఒడియా ఆవిడకి అంతంతమాత్రం. ఇది మోగితే వీపు నిమురు అని సైగ చేసి చూపించాను. తెల్లారేదాకా రెండేసార్లు మోగింది. రెండోసారి నేను వెళ్ళేలోపే ఆవిడే నిమిరేసింది.

మీ మీ చోట్ల ఎలా ఉందో చెప్పండి.

ఇన్‌చార్జి అక్క, బరంపురం:
అమ్మా, ఒక్క రాత్రిని చూసి నియమం పెట్టకూడదు. నాది 26 ఏళ్ళ సర్వీసు. వెనక నేను చేసిన ఒక యూనిట్‌లో క్లెబ్సియెల్లా అనే సూక్ష్మజీవి చొరబడి ఎనిమిది రోజుల్లో నలుగురు పిల్లలు పోయారు. సక్షన్ సీసాలు, కుళాయి, మా చేతులు అన్నీ కల్చర్‌కి (సూక్ష్మజీవుల పరీక్షకి) పంపితే చివరికి సింకులో దొరికింది. ఆ వారం నేను ఇంటికెళ్ళి నా పిల్లల్ని కూడా ముట్టుకోలేకపోయాను. అప్పటి నుంచి గడప దాటి ఎవరొచ్చినా నా ప్రాణం గుబగుబలాడుతుంది. తల్లికి గజ్జి ఉంటుంది, జ్వరం ఉంటుంది. 18 మంది తల్లులకి ఒకటే బాత్రూమ్. వాళ్ళ వెనకాల అత్తలు, ఆడపడుచులు. వీళ్ళందరి చేతులు ఎవరు కడిగిస్తారు? ఇద్దరు సిస్టర్లా?

పర్లాకిమిడి నాన్న:
నాకు వైద్యం తెలీదండి. మా బాబు 1450 గ్రాములకి పుట్టాడు. తొమ్మిది రోజులు అద్దం బయట నిలబడ్డాం. మా ఆవిడ పిండిన పాలు స్టీలు గ్లాసులో పట్టుకెళ్ళి తలుపు దగ్గర ఇస్తే లోపలికి తీసుకునేవోళ్ళు. నాలుగో రోజుకి పాలు పడ్డం తగ్గిపోయింది. "ఆడు నాకేటీ కానట్టుంది" అని ఏడ్చేది. పదో రోజున బిడ్డని చేతిలో పెడితే ఎత్తుకోడానికి జంకింది. సిస్టర్లు బాగానే చూశారు, నాకు ఎవరి మీదా కోపం లేదు. ఆ తొమ్మిది రోజులే మాకు తిరిగి రావు.

గుణుపురం సిస్టర్:
అక్కా, మీరు చెప్పిన సింకే నాకు సాక్ష్యం. ఆ సూక్ష్మజీవి తల్లి తెచ్చింది కాదు, మనింట్లోదే. బిడ్డ తల్లి ఒంటిని ఆనుకుని ఉంటే ముందుగా తల్లి ఒంటి మీది సూక్ష్మజీవులు అంటుతాయి. ఆసుపత్రివి పట్టుకుంటేనే మందులకి లొంగవు.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పరిశోధన వచ్చింది. ఇండియా, ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లో అయిదు ఆసుపత్రులు. మన దేశంలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్. కిలో నుంచి 1800 గ్రాముల లోపు పిల్లలు 3211 మంది. పుట్టగానే మొదలుపెట్టి, ఐసీయూలో ఉన్నన్నాళ్ళూ రోజుకి దాదాపు 17 గంటలు తల్లి మీదో, తల్లి బదులు ఇంకొకరి మీదో ఉంచిన పిల్లల్లో 28 రోజుల్లోపు పోయినవాళ్ళు 12 శాతం. పాత పద్ధతిలో, అంటే మనలాగే గంటన్నర ఉంచినవాళ్ళలో 15.7 శాతం. ఇన్‌ఫెక్షన్ అనుమానాలూ, ఒళ్ళు చల్లబడడమూ కూడా మొదటివాళ్ళలోనే తక్కువ. తేడా తేలిపోయాక పరిశోధన ముందే ఆపేశారు. 2022లో ఆ సంస్థ తన సలహానే మార్చుకుంది. అంతకుముందు బిడ్డ కుదుటపడ్డాక మొదలుపెట్టమనేవారు.

పుట్టిన గంటకి కూడా సొంతంగా ఊపిరి తీయలేని పిల్లల్ని అందులో చేర్చుకోలేదు. వాళ్ళ సంగతి నేనూ అనడం లేదు.

ప్రసూతి వార్డు సిస్టర్, రాయగడ:
బిడ్డ గురించి అందరూ మాట్లాడుతున్నారు. బాలింత గురించి ఒక్కరూ అనలేదు. ఆపరేషనైన రెండో రోజు మనిషి అది. కుట్లు, క్యాథెటర్, బీపీ, రక్తస్రావం ఎవరు చూస్తారు? మా వార్డు సిస్టర్ మీ గదికి రాదు, మీ సిస్టర్‌కి బాలింతని చూడ్డం అలవాటు తప్పింది. నైట్‌లో ప్యాడ్ తడిసిపోయి, ఆవిడ ఒళ్ళోని బిడ్డని కదపకూడదని ఎవర్నీ పిలవకుండా కూర్చుంటే? సఫ్దర్‌జంగ్‌లో తల్లికీ బిడ్డకీ కలిపి ఉన్నారు మనుషులు. మంచాలు వేయడం తేలిక. ముందు మా వార్డు నుంచి ఒక పోస్టు మీ గదికి వేయించమని మీ డాక్టరుగారికి చెప్పండి. అప్పుడు నేనే వస్తాను.

ఆశా దీదీ, మోహన వైపు:
మా కొండ మీది తల్లుల బాధ ఇంకోటి. ఇంట్లో ఇద్దరు పిల్లలు, మేకలు, పొలం. రాత్రికి తలదాచుకోడానికి చోటు లేక వరండాలో పడుకుంటారు. మూడో రోజుకి ఎవరికీ చెప్పకుండా బిడ్డని తీసుకుని వెళ్ళిపోతారు. కాగితంలో "తల్లి మాట వినలేదు" అని రాస్తారు. నెలలు నిండినోళ్ళకి ముందుగా వచ్చి ఉండడానికి 'మా గృహ' అనే వసతిళ్ళు పెట్టారు కదా, కాన్పయ్యాక బిడ్డ లోపలుంటే తల్లికి అలాంటి చోటే లేదు. లోపల మంచం, రెండు పూటలా వేడన్నం ఇస్తే నేను తీసుకొచ్చిన ఏ తల్లీ వెళ్ళిపోదు. ఒకసారి తల్లికి ఫిట్స్ వస్తే నానమ్మ ఆరు రోజులు బిడ్డని గుండెకి కట్టుకుని కూర్చుంది. బిడ్డ ఇప్పుడు నడుస్తోంది.

ఇన్‌చార్జి అక్క, బరంపురం:
సింకు మాట నిజమే, ఒప్పుకుంటాను. రాయగడ సిస్టర్ మాటకి మాత్రం ఇంకా జవాబు రాలేదు. ఇద్దరం 18 మంది పిల్లలకి చాలక చస్తున్నాం. మనుషుల్ని ఇవ్వకుండా మంచాలు ఇస్తే, రేపు ఏదైనా జరిగితే పేరు రాసేది నైట్ సిస్టర్‌దే. ఆ సంతకం నేను చాలాసార్లు పెట్టాను.

గుణుపురం సిస్టర్:
అవునక్కా, ఆ జవాబు నా దగ్గర లేదు. ఇవాళ మీటింగులో రాయగడ సిస్టర్ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. పోస్టు కోసం రాస్తామన్నారు. అది వచ్చేదాకా 18 మంచాలు వద్దని నేనే అన్నాను. సోమవారం నుంచి రెండే. ఆపరేషన్ లేకుండా కాన్పయినవాళ్ళకే, జ్వరం, గజ్జి చూసుకున్నాకే. తల్లితో పాటు ఒక్క మనిషి, ఆ మనిషికీ గౌను. రెండు గంటలకోసారి బిడ్డ టెంపరేచర్ చూసేటప్పుడే తల్లి బీపీ, ప్యాడ్ కూడా అదే చార్టులో రాస్తాం. తలుపు దగ్గర రెండో సింకు పెట్టిస్తామన్నారు.

ఇన్‌చార్జి అక్క, బరంపురం:
మోచేత్తో తిప్పే కుళాయే పెట్టించు. మామూలుది పెడితే కడిగిన చేత్తోనే మళ్ళీ ముట్టుకుంటారు. నెలయ్యాక ఆ చార్టులు నాకూ చూపించు.