రిజల్యూషన్‌ను ‘స్పష్టత’ అనవచ్చునా?

సభ్యులందరికీ నమస్కారం. చిన్న తెర ఉన్న ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ బెంచ్‌మార్క్‌లు (బొమ్మలు గీయడంలో కంప్యూటర్ సత్తాను కొలిచి మార్కులు వేసే పరీక్షలు) నడపడం గురించి తెలుగులో వ్యాసం రాస్తున్న ఒక సభ్యురాలు, ‘రిజల్యూషన్’ (తెర మీద బొమ్మ అడ్డంగా ఎన్ని చుక్కలు, నిలువుగా ఎన్ని వరుసలు అన్నది) అన్న మాటకు ‘స్పష్టత’ అని రాయవచ్చునా అని నిన్న అడిగారు. యంత్రానువాదాలలో కనిపించే ‘తెర తీర్మానం’ కంటే అది ఎంతో మేలు. తీర్మానం సభలు చేసేది, తెరలు చేసేది కాదు. అయినప్పటికీ, ఆమె ఎంచుకున్న విషయంలోనే ‘స్పష్టత’ అన్న మాట నిలవదని నా అభిప్రాయం. కారణం వివరంగా చెబుతాను.

2006లో వచ్చిన త్రీడీమార్క్06 అనే పరీక్ష మామూలుగా 1280×1024 దగ్గర నడిచేది. అప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటి తెర 1280×800. తరువాత కొన్నేళ్లపాటు 1366×768 రాజ్యమేలింది. వెడల్పు సరిపోయినా ఎత్తు చాలదు కనుక, పరీక్షను నిర్దేశించిన కొలతలో ఆ తెర మీద నడపడం కుదిరేది కాదు. వేరే మానిటర్ తగిలించుకోవాలి, లేదా డబ్బు కట్టి కొన్న కూర్పులో కొలతను 1280×768కి తగ్గించుకోవాలి. 1280×1024 అంటే 13,10,720 చుక్కలు (పిక్సెళ్లు); 1280×768 అంటే 9,83,040, అంటే సరిగ్గా ముప్పాతిక. పని తగ్గింది కనుక మార్కులు పెరుగుతాయి, కానీ ఆ మార్కులను ఇతరుల మార్కులతో పోల్చడానికి వీలుండదు. ఇక్కడ మారినది చూపుకు అందే స్పష్టత కాదు, గ్రాఫిక్స్ చిప్ మీద పడిన పని.

2013లో వచ్చిన త్రీడీమార్క్‌ను చూస్తే ఈ తేడా ఇంకా తేటపడుతుంది. అందులోని ఫైర్ స్ట్రైక్ పరీక్ష, తెర ఎంత చిన్నదైనా, బొమ్మను ముందుగా 1920×1080 కొలతలో కంప్యూటర్ మెమరీలోనే గీసి, ఆ తరువాత తెరకు పట్టేలా కుదించి చూపుతుంది. 1366×768 తెర ఉన్న ల్యాప్‌టాప్‌లో చిప్ 20,73,600 చుక్కలు గీస్తే, కంటికి కనిపించేవి 10,49,088 మాత్రమే. దీనిని ‘1920×1080 స్పష్టతతో పరీక్షించాను’ అని రాస్తే, ఆ స్పష్టతను చూసినవారెవరూ లేరు! పని మాత్రం పూర్తిగా జరిగింది, మార్కులు పోల్చదగినవే.

నా సూచన ‘చుక్కల లెక్క’. ఇది నేను కల్పించినది కాదు. మన వాకిళ్లలో ఉన్నదే. ‘తొమ్మిది చుక్కలు, తొమ్మిది వరుసలు’ అంటే ముగ్గు వేసేవారికి వెంటనే అర్థమవుతుంది. అదే పద్ధతిలో ‘1366 చుక్కలు, 768 వరుసలు’ అనవచ్చు. పైగా, ఆ లెక్క ముగ్గు ఎంత స్థలం పడుతుందో చెప్పదు. చుక్కలు దగ్గరగా పెట్టుకోవచ్చు, ఎడంగానూ పెట్టుకోవచ్చు. తెరలూ అంతే. 1366×768 లెక్క 11.6 అంగుళాల తెర మీద ఉంటే అంగుళానికి సుమారు 135 చుక్కలు పడతాయి, 15.6 అంగుళాల తెర మీద సుమారు 100 మాత్రమే. లెక్క ఒకటే, స్పష్టతలు రెండు. ‘స్పష్టత’ అన్న మంచి మాటను అంగుళానికి ఎన్ని చుక్కలన్న ఈ రెండవ సంగతి కోసం దాచుకోవాలని నా కోరిక.

స్పందన: అయ్యా, మీ వాదన బాగుంది. కానీ భౌతికశాస్త్రంలో ‘పృథక్కరణ’ అన్న మాట ఉన్నది కదా? శాస్త్రీయమైన మాట ఉండగా ముగ్గుల దాకా వెళ్లవలసిన అవసరం ఉన్నదా? అలాగే, బెంచ్‌మార్క్‌కు ఏమంటారు?

జవాబు: అమ్మా, ‘పృథక్కరణ’ దూరదర్శినికి, సూక్ష్మదర్శినికి చక్కగా అతుకుతుంది. దగ్గరదగ్గరగా ఉన్న రెండు నక్షత్రాలను రెండుగా విడదీసి చూపగలగడం అక్కడి సంగతి. ఇక్కడ విడదీయడం లేదు, లెక్కపెట్టడం ఉంది. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట ఉన్నంత మాత్రాన మనమూ ఒకే మాటతో సరిపెట్టుకోనక్కర లేదు.

బెంచ్‌మార్క్‌కు ‘గీటురాయి’ చాలు. బంగారాన్ని రాయి మీద గీసి, ఆ గీటును మచ్చు బంగారపు గీటుతో పోల్చి మేలిమి తేల్చడం అందరికీ తెలిసిన పద్ధతి. రెండు గీట్లూ ఒకే రాయి మీద పడాలి. తెర చాలలేదని చుక్కల లెక్క తగ్గించి పరీక్షించడమంటే రాయి మార్చి గీయడమే కనుక, ఈ మాటతో పోలిక కూడా కలిసివస్తుంది.

కాబట్టి వ్యాసం రాస్తున్న సోదరికి నా విన్నపం: ‘నా ల్యాప్‌టాప్ స్పష్టత తక్కువ కనుక పరీక్ష నడవలేదు’ అన్న వాక్యాన్ని ‘ఈ గీటురాయి అడిగే చుక్కల లెక్క నా తెరకు మించినది కనుక పరీక్ష నడవలేదు’ అని మార్చి చూడండి. చదివేవారికి మొదటిసారి కొత్తగా ఉంటుందనుకుంటే, ఆ ఒక్క చోట పక్కన ‘రిజల్యూషన్’ అని తెలుగు లిపిలోనే రాయండి. ముగ్గులో ఒక వరుస చుక్కల నడుమ పై వరుస చుక్క పడితే మా వైపు ‘సందు చుక్క’ అంటారు. మీ ప్రాంతాలలో వేరే మాట ఉంటే దయచేసి ఇక్కడ రాయండి, తెరల విషయంలో అది కూడా పనికిరావచ్చు.