అజాతశత్రు ‘డే’నా, ‘వే’నా?

బ్రాడీపేట, గుంటూరు:
కీళ్లవాతం ఉన్నవాళ్ల కోసం తెలుగులో చిన్న కరపత్రం రాస్తున్నాను. రక్తపరీక్ష కాగితంలో సీఆర్‌పీ (సి-రియాక్టివ్ ప్రొటీన్), ఐఎల్‌-6 (ఇంటర్‌ల్యూకిన్‌-6 అనే సైటోకైన్) అని ఉండే అంకెలు ఏం చెబుతాయో, ఏం చెప్పవో అందులో ఉండాలి. సైటోకైన్ల దగ్గరికి, అంటే ఒంట్లోని కణాలు ఒకదానికొకటి కబురు పంపే ప్రొటీన్ల దగ్గరికి వచ్చేసరికి, ధర్మరాజు అలిగితే ఏమవుతుందో రాయబారంలో కృష్ణుడు చెప్పే పద్యం నోట్లో ఆడుతోంది, తిరుపతి వేంకట కవుల ఉద్యోగ విజయాల నాటకంలోది. ‘అలుగుటయే యెఱుంగని మహామహితాత్ము డజాతశత్రు...’ తర్వాత ‘డే’నా, ‘వే’నా? నాటకంలో విన్నది ‘డే’. మా నాన్నగారు మాత్రం ‘వే’ అని చదివేవారు. ఒంటిని కాపాడాల్సిన వ్యవస్థే ఒంటి మీద తిరగబడితే ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే మంచి పాదం నాకు దొరకలేదు. అక్షరం తేలకుండా అచ్చుకు ఇవ్వలేను.

సత్యనారాయణపురం, బెజవాడ:
‘డే’ అక్కా, అనుమానమే అక్కర్లేదు. చంపకమాల. చివర రగణం, ‘శత్రుడే’. రాయబారం సీను వింటూ పెరిగిన ఊరు మాది.

అరండల్‌పేట, గుంటూరు:
రగణం తీర్పు చెప్పదండీ. ‘శత్రువే’ అన్నా గురువు, లఘువు, గురువే. యతి పదకొండో అక్షరం ‘హా’తో కుదిరింది, దానికి చివరి అక్షరంతో పనిలేదు. ప్రాస ‘ల’కారం, అదీ సాయపడదు. మిగిలింది వ్యాకరణం. గురువు, సాధువు, శత్రువు అంటాం. ‘శత్రుడు’ ఎక్కడిది?

సత్యనారాయణపురం:
ఇక్కడున్నది శత్రువు కాదు, శత్రువే పుట్టనివాడు. బహువ్రీహి. మనిషిని చెబుతోంది కాబట్టి ‘డు’. మహాబాహుడు అనమా?

అరండల్‌పేట:
బహువ్రీహి అయినా పత్రికలు ఇవాళ్టికీ ‘అజాతశత్రువు’ అనే రాస్తున్నాయి.

తెనాలి:
‘డే’, ‘వే’ల గొడవలో అసలు ఏకారాన్ని వదిలేశారు. ఆ పాదంలో ఏకారాలు రెండు. ‘అలుగుటయే’ అంటే అలగడం అన్నదే. రెండోదాన్ని చాలామంది ‘అజాతశత్రుడు సైతం’ అని అర్థం చెబుతారు. నాకు ఒప్పుదల లేదు. ‘సైతం’ అంటే కోపిష్ఠుల వరసలో చివర ఆయన్నీ నిలబెట్టినట్టు. ‘అంతటివాడే’ అంటేనే భయం పుడుతుంది. పైగా ‘అలుగు’ అన్న మాట చూడండి. పరాయివాడి మీద కోపం వస్తుంది, అలగడం మాత్రం అయినవాళ్ల మీదే. బ్రాడీపేట అక్కగారి కరపత్రానికి ఈ మాట అందుకే అతికింది. కీళ్లవాతంలో ఒళ్లు అలిగేది తన కీళ్ల మీదే కదా.

అరండల్‌పేట:
అది ఇప్పటి అలక. పాత కావ్యాల్లో అలుగు అంటే కోపించడమే, యుద్ధంలో శత్రువు మీదా అలుగుతారు.

తెనాలి:
ఇక్కడ ఎదురుగా ఉన్నది దాయాదులు. నా అర్థం చెడదు.

మంగళగిరి:
మాది రక్తపరీక్షల పని, ఆ వైపు నుంచి రెండు మాటలు. అక్కా, సీఆర్‌పీని సైటోకైన్ల జాబితాలో కలపకండి. 1930లో న్యూమోనియా క్రిమి మీద పనిచేస్తూ టిల్లెట్, ఫ్రాన్సిస్ దాన్ని గుర్తించారు. ఆ క్రిమిలోని ‘సీ’ అనే పదార్థంతో చర్య జరుపుతుంది కాబట్టి ఆ పేరు. దాన్ని చేసేది కాలేయం, చేయమని కబురు పంపేది ముఖ్యంగా ఐఎల్‌-6. కబురు త్వరగా చెదిరిపోతుంది, సీఆర్‌పీ ఇంకా కొంతకాలం రక్తంలో నిలుస్తుంది. మామూలుగా సీఆర్‌పీనే కొలవడానికి అదొక కారణం.

రెండోది, ఐఎల్‌-6ను శత్రువుగా చూపించకండి. వ్యాయామం చేసినప్పుడు కండరాలు కూడా దాన్ని వదులుతాయి, అక్కడ ఏ జబ్బూ లేదు. అంకె పెరిగిందంటే ఒంట్లో ఎక్కడో అలజడి ఉందని అర్థం. ఎక్కడో, ఎందుకో ఆ అంకె చెప్పదు. చిగుళ్ల వాపైనా, కీళ్లవాతమైనా, న్యూమోనియా అయినా పెరగొచ్చు. కాగితం చూసి ‘నాకు ఫలానా జబ్బు’ అని టెన్షన్ పడేవాళ్లను రోజూ చూస్తున్నాను. పద్యం ఎంత బాగున్నా ఈ ముక్క దాని కింద పడిపోకూడదు.

అవనిగడ్డ:
పద్యంలో ‘సాగరము లన్నియు నేకము గాకపోవు’ అని ఉంది కదా, దాని మీద నాదొక మాట. కోవిడ్ రోజుల్లో అందరూ ‘సైటోకైన్ తుఫాను’ అని రాశారు. ఇంగ్లీషులో ఆ పేరు 1993లో, ఎముకమజ్జ మార్పిడి తర్వాత వచ్చే జబ్బు గురించి రాసినప్పుడు వచ్చింది. దాన్ని మనవాళ్లు మాటకు మాట దించేశారు. దివిసీమవాళ్లం తుఫాను, ఉప్పెన ఒకటే అనం. గాలి, వాన తుఫాను. సముద్రం గట్టు దాటి ఊరి మీదికి రావడం ఉప్పెన. 1977 నవంబరు 19న మనుషుల్ని మింగింది నీళ్లు. సైటోకైన్లు విపరీతమైనప్పుడూ జరిగేది అదే. రక్తనాళాల గోడలు వదులై ద్రవం బయటికి ఊరుతుంది, ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, బీపీ పడిపోతుంది. సముద్రాలు ఏకం కావడమంటే హద్దులు లేకుండా పోవడమే కదా. ‘సైటోకైన్ ఉప్పెన’ అనండి.

నల్లపాడు, గుంటూరు:
ఉప్పెన బాగుంది, నేను ఒప్పుకుంటాను. కానీ తిరుపతి వేంకట కవుల దగ్గరే ఆగిపోతారేం? రాయబారం అంటే ముందు తిక్కన. తన తాత భాస్కరమంత్రిని ‘గుంటూరి విభుని’ అని తలచుకున్న కవి, మనవాడు. ఆయన ఉద్యోగపర్వంలో ‘సారపు ధర్మమున్ విమల సత్యము’ పద్యం చదవండి. ధర్మం చెడిపోతుంటే ఆపగల దక్షులు ఉపేక్షిస్తే ఆ చేటు వాళ్లదే అంటాడు. అలిగినవాడికంటే ఊరుకున్నవాడి గురించి చెప్పిన పద్యం అది. మంగళగిరి గారూ, మంటను ఆర్పే సైటోకైన్లూ ఉంటాయిగా?

మంగళగిరి:
ఉన్నాయండీ. ఐఎల్‌-10 అలాంటిదే. మొదట్లో దాని పేరే ‘సైటోకైన్ల తయారీని అడ్డుకునే అంశం’.

నల్లపాడు:
అదీ సంగతి. దక్షుల ఉపేక్ష. కరపత్రానికి తిక్కన పద్యమే పైన ఉండాలి.

సత్యనారాయణపురం:
తిక్కనకు చేతులెత్తి మొక్కుతాను. కానీ కీళ్లనొప్పితో వచ్చిన మనిషికి ఆ పద్యం విప్పి చెప్పాలి. ‘అలుగుటయే’ అంటే మిగతాది ఆయనే అందుకుంటాడు. తిరుపతి వేంకట కవుల పద్యానికి ఆ బలం ఉంది, విప్పి చెప్పక్కర్లేదు.

నల్లపాడు:
గుంటూరు జనానికి తిక్కనను విప్పి చెప్పాలంటారా? మా నల్లపాడు రండి ఒకసారి.

బ్రాడీపేట:
రెండు పద్యాలకూ చోటు లేదు బాబాయ్ గారూ, అది ఒకే కాగితం. మంగళగిరి తమ్ముడూ, సీఆర్‌పీ మామూలుగా ఉంటే నిశ్చింతగా ఉండొచ్చని రాయనా?

మంగళగిరి:
అలా రాయకండి అక్కా. ఐఎల్‌-6 కబురును అందుకునే గ్రాహకాన్ని అడ్డుకునే టోసిలిజుమాబ్ అనే మందు వాడేవాళ్లలో కాలేయానికి ఆ కబురే అందదు. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నా సీఆర్‌పీ పెరగకపోవచ్చు. ఆ మందు మీద ఉన్నవాళ్లు జ్వరం, దగ్గు, నీరసం కనిపిస్తే అంకె బాగుందని ఊరుకోకుండా డాక్టరుకు చెప్పాలి. ఈ వాక్యం పెద్ద అక్షరాల్లో వేయించండి.

తెనాలి:
ఆ వాక్యం పైన పద్యం పెట్టండి, ఏకారం మాత్రం మింగకుండా.

అరండల్‌పేట:
మందు సంగతి మంగళగిరి గారు చెప్పినట్టే వేయండి. పద్యం దగ్గర మాత్రం నేను కదలను. సత్యనారాయణపురం గారు ‘మహాబాహుడు’కు ఒక పాత కావ్య ప్రయోగం చూపిస్తే అప్పుడు ‘డే’ గురించి మాట్లాడదాం.