మందు కొనే వయసు 21 నుంచి 18కి తగ్గిస్తే దొంగచాటు తాగుడు తగ్గుతుందా?

గోదారిగట్టు:
ఓటుకు 18, డ్రైవింగ్ లైసెన్సుకు 18, అబ్బాయి పెళ్లికి 21. మందుకు వచ్చేసరికి తెలంగాణలో, ఆంధ్రలో 21. కాకినాడ దాటి యానాం వెళితే 18, ఢిల్లీలో 25. ఒకే దేశంలో ఇన్ని లెక్కలెందుకు? తగ్గిస్తే చాటుగా తాగడం ఆగుతుందా? కాలేజీ పిల్లలున్న ఇళ్లవాళ్లకి ఏ చట్టం ఎక్కడ తగులుతుందో తెలిసినవారు చెప్పండి.

నల్లరేగడి:
మద్యం రాజ్యాంగం 7వ షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలో ఉంది. అందుకే ఎవరి లెక్క వాళ్లది. మహారాష్ట్రలో బీరుకు 21, విస్కీ లాంటి వాటికి 25. కేరళలో 23. కర్ణాటక 2023 జనవరిలో 18కి దించుతూ ముసాయిదా తెచ్చి, వ్యతిరేకత రావడంతో వెనక్కి తీసుకుంది.

ఇక్కడ చాలామంది రెండు చట్టాలను కలిపేస్తారు. ఎక్సైజ్ చట్టంలోని 21 ప్రధానంగా అమ్మేవాడి మెడకు చుట్టుకునేది. తేడా వస్తే లైసెన్సుకే ముప్పు. 2015 నాటి బాలల న్యాయ చట్టం సెక్షన్ 77 వేరు: 18 నిండని వాళ్లకు మందు ఇస్తే 7 ఏళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. డాక్టరు రాసిస్తే తప్ప మినహాయింపు లేదు.

గోదారిగట్టు:
అంటే పెళ్లిలో 17 ఏళ్ల కుర్రాడికి బాబాయి గ్లాసు పోసినా?

నల్లరేగడి:
పోసినా అంతేనండీ. ఆ సెక్షన్ దుకాణాలకే పరిమితం కాదు, ఇచ్చింది ఎవరైనా వర్తిస్తుంది.

పల్నాటిగాలి:
అంకె మీద ఎంత వాదించుకున్నా, అది నిలబడాల్సింది కౌంటర్ దగ్గర. వైన్ షాపులో సాయంత్రం రద్దీ, మధ్యలో ఇనుప జాలీ, లోపలికి చెయ్యి మాత్రమే వస్తుంది. ముఖమే కనిపించనప్పుడు వయసేం చూస్తారు? చూడాలనుకుంటే అరనిమిషం పని. అసలు కార్డు అడగాలి, ఫోన్లో ఫొటో ఒప్పుకోకూడదు (పుట్టిన ఏడాది మార్చడం సులువు). డిజిలాకర్ అంటే యాప్ ఎదురుగా తెరిపించాలి, స్క్రీన్‌షాట్ చెల్లదు. పుట్టిన తేదీకి 21 కలిపి, అది ఈరోజుకు దాటిందో లేదో చూడాలి. ఏడాది మాత్రమే చూస్తే ఇంకా నెలలు మిగిలినవాళ్లు జారిపోతారు.

బెల్టు షాపు సంగతి మరీ కష్టం. దానికి పోగొట్టుకోవడానికి లైసెన్సే లేదు, కాబట్టి 18 అన్నా 25 అన్నా ఒకటే. అక్కడ పట్టుకోవాల్సింది సరుకును. సీసా మీది ఎక్సైజ్ లేబుల్ కోడ్ పెట్టిందే అది ఏ డిపో నుంచి ఏ షాపుకు వెళ్లిందో తెలియడానికి. దాన్ని స్కాన్ చేసి, సరఫరా చేసిన షాపు మీద కేసు పెట్టాలి.

నేనైతే 18 వద్దంటాను. పిల్లలకు మందు తెచ్చిపెట్టేది ఎక్కువగా వాళ్లకంటే రెండు మూడేళ్లు పెద్దవాళ్లే. ఇప్పుడు ఆ పెద్ద స్నేహితుడు డిగ్రీ చివర్లో ఉంటాడు. 18 చేస్తే, ఇంటర్ పిల్లలకు అతను పక్క బెంచీలోనే దొరుకుతాడు.

తూర్పుకనుమ:
అమెరికాలో రెండు వైపులా చూశారు. 1970ల మొదట్లో చాలా రాష్ట్రాలు 21 నుంచి దించాయి, కుర్రాళ్ల రోడ్డు ప్రమాదాలు పెరిగాయి. 1984లో కేంద్ర చట్టం వచ్చింది: 21 పెట్టని రాష్ట్రానికి హైవే నిధుల్లో కోత. 1988కల్లా అన్నీ దారికొచ్చాయి. అక్కడ డిగ్రీకి వెళ్లే మన పిల్లలు ఇది గుర్తుంచుకోవాలి. తాగి నడిపి అరెస్టయితే, శిక్ష పడకముందే వీసా రద్దు కావచ్చు.

వేపచెట్టు:
ఇంట్లో వాళ్లకి పనికొచ్చేది ఒకటి. "బీరే కదా" అన్నమాట దగ్గరే చాలామంది మోసపోతారు. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో సుమారు 41 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 42.8 శాతం విస్కీ 60 మి.లీ. పెగ్గులో 20 గ్రాములు. ఒక సీసా రెండు పెద్ద పెగ్గులతో సమానం. కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములే కరిగిస్తుంది. మజ్జిగ, కాఫీ, చన్నీళ్ల స్నానం ఆ వేగాన్ని పెంచవు.

తాగి పడిపోయిన పిల్లాణ్ణి "పడుకుంటే తగ్గుతుంది" అని వదిలెయ్యకండి. తాగడం ఆపాక కూడా కడుపులోది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. వెల్లకిలా పడుకోబెడితే వాంతి ఊపిరి గొట్టంలోకి పోతుంది. పక్కకు తిప్పి, పై మోకాలు వంచి, తల కొంచెం వెనక్కి ఉంచండి. వేలు పెట్టి కక్కించొద్దు. లేపినా లేవకపోయినా, నిమిషానికి 8 కంటే తక్కువ శ్వాసలున్నా, శ్వాసల మధ్య 10 సెకన్లు దాటినా, పెదాలు నీలంగా మారినా 108కి చేయండి. ఏం తాగాడో, ఎప్పుడు తాగాడో, మాత్రలేమైనా మింగాడో చెప్పి, సీసా వాళ్ల చేతికివ్వండి.